మూడు లిపుల డెస్క్‌టాప్: భాష గుర్తు ఎక్కడ ఉండాలి, ప్యానెల్ ఎటు ఉండాలి?

పర్లాకిమిడి_టైపు (గజపతి జిల్లా, ఒడిశా), ఆదివారం రాత్రి 9:15

అందరికీ నమస్కారం. మాది జిరాక్స్, టైపింగ్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. మూడు పాత కంప్యూటర్లు ఉన్నాయి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ వీటిలో లేదు. కొత్తవి కొనే పరిస్థితి లేక మూడింటిలోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టం) వేయించాను. వేగం బాగుంది, పని నడుస్తోంది.

పోయిన వారం నా వల్ల ఒక తప్పు జరిగింది. ఒక పెద్దాయన దరఖాస్తు నింపుతున్నాను. పేరు, తండ్రి పేరు, ఊరు ఒడియాలో పడాలి. నేను కాగితం చూస్తూ కొడతాను, తెర చూడను. మధ్యలో ఓటీపీ కోసం ఇంకో విండోలోకి వెళ్లి వచ్చాను. ఈలోగా కీబోర్డు తెలుగుకి మారిపోయింది. తండ్రి పేరు, ఊరి పేరు తెలుగు లిపిలో పడ్డాయి. చూసుకోకుండా పంపేశాను, దరఖాస్తు తిరిగొచ్చేసింది. ఆయన కొండ మీది ఊరి నుంచి రెండు బస్సులు మారి మళ్లీ రావాల్సి వస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో టైపు చేసేవాళ్లకి ఈ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లీషు "కె" ఉన్న మీట నొక్కితే తెలుగులో క, ఒడియాలోనూ క, మరాఠీలోనూ క. "హెచ్" మీద ప, "జె" మీద ర. అన్ని భాషలకీ ఒకటే అమరిక కావడం ఇన్‌స్క్రిప్ట్ గొప్పతనం. ఒక భాష నేర్చుకుంటే మిగతావి కూడా వచ్చేసినట్టే. కానీ భాష మారిన సంగతి మాత్రం వేళ్లకి తెలియదు. ఇంగ్లీషు అయితే రెండక్షరాలకే తేడా పట్టేస్తాం. ఇక్కడ ఊరి పేరు మొత్తం కొట్టేసినా చేతికి అనుమానం రాదు.

డెస్క్‌టాప్ అమరికలో ఏం మారిస్తే ఈ తప్పు జరగదో కలిసి ఆలోచిద్దామని ఇది మొదలుపెట్టాను. మంచి సూచన తయారైతే ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్లకి పంపుదాం.

---

బరంపురం_అక్షరం (గంజాం జిల్లా), ఆదివారం రాత్రి 9:50

అక్కా, ముందు ఒకటి చూడండి. ప్యానెల్ (తెర అంచున ఉండే పట్టీ) మీద కీబోర్డు గుర్తు జెండా రూపంలో ఉందా? ఉంటే దాని మీద కుడి క్లిక్ చేసి మార్చేయండి. లినక్స్ లోపల మన భాషల కీబోర్డులన్నీ "భారత్" అనే ఒకే గుంపులో రకాలుగా ఉంటాయి. జెండా పెట్టుకుంటే తెలుగుకీ త్రివర్ణమే, ఒడియాకీ త్రివర్ణమే, హిందీకీ త్రివర్ణమే. ఫ్రాన్సుకి ఫ్రెంచి, జర్మనీకి జర్మన్ అన్న లెక్కలో ఆలోచించిన పద్ధతి అది. మూడు భాషలతో బతికే ఊళ్లకి పనికిరాదు.

నా మొదటి సూచన: భారతీయ భాషలకి జెండా అసలు చూపించకూడదు. ఏ భాషైతే ఆ లిపిలో "అ" అక్షరం చూపించాలి. మూడు లిపుల్లోనూ అ రూపం పూర్తిగా వేరు. చదువు తక్కువైన వాళ్లు కూడా గుర్తుపడతారు.

---

రాయగడ_మాస్టారు (రాయగడ), ఆదివారం రాత్రి 10:20

అ పెట్టమన్న మాట బాగుంది. అయితే పరిమాణం గురించి కూడా రాయండి. నాకు అరవై దాటాయి. 24 పిక్సెళ్ల ప్యానెల్ మీద అక్షరం చిన్నదైపోతే మన లిపీ ఒడియా లిపీ రెండూ గుండ్రంగానే కనబడతాయి. ఒడియాలో ఠ అంటే ఒట్టి గుండ్రం. మన సున్న కూడా అంతే. చిన్న సైజులో తేడా పోల్చుకోవడం నా కళ్లకి కష్టం.

నేను కోరేది భాష పేరు పూర్తిగా ఉండాలని. "తెలుగు" అని తెలుగులో, "ఒడియా" అని ఒడియాలో. దూరం నుంచి చూసినా పదం ఆకారం తెలుస్తుంది.

---

జయపురం_నెట్ (కొరాపుట్ జిల్లా), సోమవారం ఉదయం 7:05

మాస్టారూ, పేరంతా రాస్తే కింది ప్యానెల్‌లో చోటు చాలదండి. విండోల పేర్లు కుదించుకుపోతాయి. రంగు ఇస్తే ఎలా ఉంటుంది? తెలుగుకి ఒకటి, ఒడియాకి ఒకటి, ఇంగ్లీషుకి ఒకటి. రంగుకి చోటు అక్కర్లేదు కదా.

---

బరంపురం_అక్షరం, సోమవారం ఉదయం 7:40

రంగు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు తమ్ముడూ. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని వాళ్లు ఉంటారు, ముఖ్యంగా మగవాళ్లలో. మా ప్రెస్సులోనే ఒకాయన ఉన్నారు. చాలా మంచి పనివాడు, రంగుల సంగతి మాత్రం పక్కవాళ్లని అడుగుతారు. అక్షరం ఉండాలి, దానికి తోడుగా రంగు ఉండొచ్చు.

---

ప్రాణహిత_తీరం (సిరోంచ, గడ్చిరోలి జిల్లా), సోమవారం మధ్యాహ్నం 1:10

నమస్తే. నేను మహారాష్ట్ర వైపు నుంచి. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పిల్లలకి కంప్యూటర్ నేర్పిస్తుంటాను. మీ అందరి మాటలూ చదివాక ఒకటి అడగాలనిపించింది. ఏమీ అనుకోకండి.

అక్కా, మీరు కాగితం చూసి కొడతానన్నారు. తెర చూడనన్నారు. అలాంటప్పుడు గుర్తు ఎంత పెద్దగా ఉంటే మాత్రం ఏం లాభం? అ రాసినా, పేరు రాసినా, రంగు పూసినా మీ కళ్లు కాగితం మీదే ఉంటాయి. మీ దరఖాస్తు విషయంలో ఇవేవీ పనిచేసేవి కాదు.

---

పర్లాకిమిడి_టైపు, సోమవారం సాయంత్రం 6:30

మీరు అడిగింది చదివి చాలాసేపు ఆలోచించాను. నిజమే. నేను గుర్తు సంగతే పట్టుకున్నాను, అసలు జరిగింది వదిలేశాను.

జరిగింది ఇది. భాష నేను మార్చలేదు. విండో మారితే దానంతట అది మారింది. సెట్టింగ్స్‌లో చూశాను. ఒక్కో విండోకి ఒక్కో భాష గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఆన్‌లో ఉంది. ఓటీపీ విండో నుంచి తిరిగి వచ్చేటప్పుడు నేను పాత విండోకి కాక, అదే సైటు తెరిచి ఉన్న ఇంకో విండోకి వచ్చినట్టున్నాను. దానికి తెలుగు ఉంది. మీట నొక్కి నేనే మార్చుకుంటే నా మెదడుకి తెలుస్తుంది. నేను నొక్కకుండా మారితే ఎవరు చెప్పాలి?

కాబట్టి నా కోరిక ఇప్పుడు ఇది: నేను మార్చనప్పుడు భాష మారితే, ఆ క్షణంలోనే డెస్క్‌టాప్ నాకు చెప్పాలి. మిగతావన్నీ దీని తరవాతే.

---

జయపురం_నెట్, సోమవారం సాయంత్రం 7:15

అక్కా, అన్ని విండోలకీ ఒకే భాష అని పెట్టేసుకుంటే సరిపోదా? ప్యానెల్ మీద భాష చూపించే కీబోర్డు ప్లగిన్ (ప్యానెల్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాము)లోనే మూడు దారులున్నాయి: మొత్తానికి ఒకటి, ప్రోగ్రాముకి ఒకటి, విండోకి ఒకటి. గ్నోమ్, కేడీఈ అనే వేరే డెస్క్‌టాప్‌లలో కూడా ఇలాంటి ఎంపిక ఉంది.

---

పర్లాకిమిడి_టైపు, సోమవారం సాయంత్రం 7:25

అదీ చేసి చూశాను తమ్ముడూ. అప్పుడు పాస్‌వర్డ్ దగ్గర టెన్షన్. ఒడియాలో కొడుతూ కొడుతూ పాస్‌వర్డ్ పెట్టెలోకి వెళ్తే అది కూడా ఒడియాలోనే పడుతుంది. చుక్కలే కాబట్టి కనబడదు. మూడు సార్లు తప్పయితే కస్టమర్ ఖాతా లాక్ అయిపోతుంది. విండోకి ఒక భాష పెట్టుకున్నది ఈ బాధ పడలేకే.

---

బరంపురం_అక్షరం, సోమవారం రాత్రి 8:40

ఇప్పుడు విషయం తేలుతోంది. ఆపిల్ కంప్యూటర్ల మ్యాక్‌ఓఎస్ సొనోమా 2023లో వచ్చింది. అందులో భాష మార్చినప్పుడు ఆ గుర్తు కర్సరు పక్కనే కాసేపు కనబడుతుంది. మూలన ఉన్న ప్యానెల్ దాకా కళ్లు వెళ్లక్కర్లేదు. పాస్‌వర్డ్ పెట్టెకి ఇది సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ అందరం తెరే చూస్తాం.

కాగితం చూసేవాళ్లకి మాత్రం చప్పుడు కావాలి. పెద్ద మోత అక్కర్లేదు. భాష దానంతట అది మారినప్పుడు చిన్న "టిక్". టైపు మిషన్ మీద నేర్చుకున్న వాళ్లకి గుర్తుండే ఉంటుంది. వరస చివరికి వస్తున్నామని గంట మోగేది. కళ్లు కాగితం మీదే ఉండేవి, చెవి పని చెవి చేసేది. మా నాన్నగారు ఆ గంట మీద ఆధారపడే ముప్పై ఏళ్లు కోర్టు కాగితాలు కొట్టారు.

---

రాయగడ_మాస్టారు, సోమవారం రాత్రి 9:05

గంట మాట చెప్పి నా మనసు లాగేశారు. నేను నేర్చుకున్నదీ ఆ మిషన్ మీదే. దీన్ని తప్పకుండా రాయండి. ఆపుకునే వీలు కూడా ఉండాలి. షాపులో నాలుగు మెషీన్లు ఒకేసారి టిక్కుమంటే ఎవరిది మారిందో తెలియదు.

---

వంశధార_గుణుపురం (రాయగడ జిల్లా), మంగళవారం ఉదయం 6:50

ప్యానెల్ సంగతి పక్కన పడిపోయింది, మళ్లీ ఎత్తుతున్నాను. మనందరివీ చాలావరకు 1366 బై 768 తెరలే. వెడల్పు కావలసినంత ఉంది, ఎత్తే లేదు. దరఖాస్తులేమో నిలువుగా పొడుగ్గా ఉంటాయి. ఉన్న 768లో కింద ప్యానెల్, పైన విండో టైటిల్, మెనూ, బ్రౌజరు అడ్రసు పట్టీ అన్నీ తినేస్తే మిగిలేది ఎంత?

నేను ప్యానెల్‌ని ఎడమ అంచుకి మార్చుకుని ఏడాది దాటింది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో నిలువు ప్యానెల్ రెండు రకాలు. మామూలు "వర్టికల్" పెడితే అక్షరాలు పక్కకి తిరిగి నిలబడతాయి. తెలుగు అలా తిరిగితే వత్తులు పక్కకి పోయి ఒక్క ముక్క అర్థం కాదు. రెండోది "డెస్క్‌బార్", 2012లో ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.10 వెర్షన్‌తో వచ్చింది. ప్యానెల్ నిలువుగా ఉంటుంది, అక్షరాలు మాత్రం అడ్డంగానే ఉంటాయి. 160 పిక్సెళ్ల వెడల్పు ఇచ్చాను. విండోల పేర్లు ఒకదాని కింద ఒకటి పూర్తిగా కనబడతాయి. మాస్టారు అడిగిన భాష పేరుకి కూడా చోటు దొరుకుతుంది.

మన లిపికి పైనా కిందా చోటు కావాలి. "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" రాసి చూడండి. ఇంగ్లీషు అక్షరం ఎత్తుకి కొలిచి కట్టిన పట్టీలో కింది వత్తు తెగిపోతుంది. ఈ డెస్క్‌టాప్‌లో విండో టైటిల్ పట్టీ ఎత్తు థీమ్‌లోని బొమ్మల ఎత్తుని బట్టి ఉంటుంది. ఫాంటు పెద్దది చేస్తే పట్టీ పెరగదు, అక్షరమే తెగుతుంది. దీని కోసమే నోటో ఫాంట్లలో "నోటో సాన్స్ తెలుగు యూఐ" అని ఎత్తు కుదించిన రకం ఒకటి చేశారు. మెనూలకి అది పెట్టుకోండి, కొంత నయం. నా ఉద్దేశంలో మాత్రం కుదించాల్సింది అక్షరాన్ని కాదు, పెంచాల్సింది పట్టీని.

---

రాయగడ_మాస్టారు, మంగళవారం ఉదయం 8:30

ఎడమకి మార్చడం నాకు ఇష్టం లేదు. ఇరవై ఏళ్లుగా చెయ్యి కిందకే వెళ్తోంది. మా సెంటర్‌కి వచ్చే వాళ్లందరూ కింద చూడటానికే అలవాటు పడ్డారు. విండోస్ 95 నాటి నుంచి ఉన్న అలవాటు అది. ఉన్నట్టుండి ఎడమకి తీసుకుపోతే పెద్దవాళ్లు భయపడి మౌస్ వదిలేస్తారు. వాళ్ల ఇబ్బంది కూడా ఇబ్బందే.

---

వంశధార_గుణుపురం, మంగళవారం ఉదయం 9:10

మాస్టారూ, మీ మాట కొట్టేయడం లేదు. ఎవరి మీదా రుద్దొద్దు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో "ప్యానెల్ ప్రొఫైల్స్" అని ఉంది. మొత్తం అమరికని ఒక ఫైలుగా దాచి మళ్లీ తెచ్చుకోవచ్చు. మనం తయారుచేసిన అమరికని అలాంటి ప్రొఫైల్‌గా ఇద్దాం. కావలసిన వాళ్లు ఒక్క క్లిక్‌తో ఎంచుకుంటారు, మీ కింది ప్యానెల్ మీకు ఉంటుంది.

కుడి కాకుండా ఎడమ అనడానికి కూడా కారణం ఉంది. 1954లో పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం ప్రకారం, గురి పెద్దదైతే, దగ్గరైతే చెయ్యి త్వరగా చేరుతుంది. తెర అంచు, తెర మూల చాలా పెద్ద గురి కింద లెక్క. ఎంత విసిరినా మౌస్ బాణం అక్కడే ఆగుతుంది. నిండుగా తెరిచిన విండోని మూసే గుర్తు పైన కుడి మూలన ఉంటుంది. కుడి వైపు ప్యానెల్ పెడితే ఆ మూల పోతుంది.

---

ధర్మాబాద్_డీటీపీ (నాందేడ్ జిల్లా), మంగళవారం మధ్యాహ్నం 2:45

నమస్తే అన్నా, అక్కా. మా దగ్గర సాత్‌బారా ఉతారాలు (భూమి రికార్డు నకళ్లు), కులం సర్టిఫికెట్లు, పెళ్లి పత్రికలు. పత్రిక ఒక వైపు తెలుగు, ఇంకో వైపు మరాఠీ. రోజంతా భాష మారుస్తూనే ఉంటాను.

ఇక్కడ రాయని బాధ ఒకటి ఉంది. ఫైళ్ల వరస. పేర్ల ప్రకారం వరస పెడితే ముందు ఇంగ్లీషు, తరవాత దేవనాగరి, ఒడియా, చివర తెలుగు. యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకీ అంకెలిచ్చే పద్ధతి) లిపుల క్రమం అది. తెలుగు పేరుతో దాచిన పత్రిక ఎప్పుడూ అడుగునే. సేవ్ చేసే కిటికీ చిన్నది, కిందిదాకా లాగాలి. నేను ప్రతి పేరు ముందూ సంవత్సరం, నెల, తేదీ అంకెల్లో పెడుతున్నాను. ఇంకో సంగతి, మరాఠీ అంకెలూ మామూలు అంకెలూ కలిపి కొట్టకండి, ఫైలు వెతికేటప్పుడు దొరకదు.

నేను వాడుతున్న భాషలో ఉన్న ఫైళ్లు ముందు చూపించమని అడగొచ్చా?

---

బరంపురం_అక్షరం, మంగళవారం సాయంత్రం 5:20

అది మంచి కోరికే కానీ వేరే చోట అడగాలి అన్నా. ఆ వరస ప్యానెల్ వాళ్ల చేతిలో లేదు. ఇందులో కలిపితే మన అసలు మాట పలచబడిపోతుంది. మీరే విడిగా ఒకటి మొదలుపెట్టండి, నేను తప్పకుండా వస్తాను.

---

ప్రాణహిత_తీరం, మంగళవారం రాత్రి 8:00

మెనూ గురించి నాలుగు మాటలు. పిల్లలకి తెలుగు మెనూ పెట్టి చూశాను. "అమరికలు" అంటే ఏమిటని అడిగారు. సెట్టింగ్స్ అంటే వెంటనే తెలిసింది. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు వాళ్లు. ఆ మాట మాత్రం ఎప్పుడూ వినలేదు.

పర్లాకిమిడిలోనే ఉంటూ వాడుక భాష కోసం పోరాడారు గిడుగు రామమూర్తి గారు. జనం నోట్లో ఉన్న మాట రాయాలన్నారు. అదే మెనూకి వర్తించాలని నా కోరిక. పేరు పెద్దక్షరాల్లో వాడుక మాటగా ఉండాలి. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషు పేరు కూడా ఉంటే వేరే కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు తడబడరు. ప్రోగ్రాము వివరాల ఫైల్లో రెండు పేర్లూ ఉంటాయి, చూపించడమే ఒకటి చూపిస్తున్నారు.

---

వంశధార_గుణుపురం, మంగళవారం రాత్రి 8:35

గిడుగు వారి పేరు ఎత్తారు కాబట్టి, ఆయన పనిచేసిన సవర భాష గురించి ఇంకో మాట. మా చుట్టుపక్కల సవరలు ఎక్కువ. వాళ్ల భాషకి మంగేయి గొమాంగో గారు 1936లో సొరంగ్ సోంపెంగ్ లిపి చేశారు. 2012లో అది యూనికోడ్‌లోకి వచ్చింది. మా కుర్రాళ్లలో ఒకడు ఆ లిపిలో టైపు చేయాలని చూస్తున్నాడు. ఇంగ్లీషు, తెలుగు, ఒడియా, హిందీ పెట్టేసరికి నాలుగు అయిపోయాయి. లినక్స్‌లో తెరనీ కీబోర్డునీ నడిపే ఎక్స్11లో ఒకేసారి నాలుగు కీబోర్డు అమరికలే పడతాయి. ఐదోది పెట్టాలంటే ఒకటి తీసేయాలి. మూడు లిపులు అని శీర్షిక పెట్టారు. మా ఊరికి అది నాలుగు, ఐదు. సూచన రాసేటప్పుడు "ఎన్ని భాషలైనా" అని రాయండి.

---

జయపురం_నెట్, బుధవారం ఉదయం 6:15

రాత్రి కూర్చుని ఒక నమూనా చేశాను. ప్యానెల్‌కి "జెనరిక్ మానిటర్" అని ప్లగిన్ ఉంది. మనం ఇచ్చిన చిన్న స్క్రిప్టుని (ఆదేశాల ఫైలు) కొన్ని క్షణాలకోసారి నడిపి, అది ఇచ్చిన మాటని ప్యానెల్ మీద చూపిస్తుంది. కీబోర్డు ఏ భాషలో ఉందో అడిగి ఆ పేరు ఆ లిపిలోనే పెద్దగా వేయించాను. అర సెకనుకోసారి చూస్తుంది. భాష మారితే టిక్ కూడా వస్తుంది. గుణుపురం అన్నయ్య చెప్పిన ఎడమ డెస్క్‌బార్‌లో పెడితే చక్కగా పట్టింది.

లోపం ఒకటుంది. నేను మార్చానా, దానంతట మారిందా అన్న తేడా దానికి తెలియదు. రెండిటికీ టిక్కుమంటుంది. ఆ తేడా తెలియాలంటే అసలు ప్లగిన్‌లోనే చేయాలి. సూచనలో ఈ మాట రాయండి, మనం ఎందుకు అడుగుతున్నామో వాళ్లకి అర్థమవుతుంది.

---

పర్లాకిమిడి_టైపు, బుధవారం రాత్రి 9:30

తమ్ముడూ, నీ స్క్రిప్టు మధ్య మెషీన్‌లో పెట్టి రోజంతా పని చేశాను. పొద్దున రెండు సార్లు టిక్ విని తల ఎత్తాను. రెండు సార్లూ భాష నిజంగా మారే ఉంది. మధ్యాహ్నానికి నేను మార్చినప్పుడు వచ్చే టిక్కుల వల్ల విసుగొచ్చి, చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. నువ్వు చెప్పిన లోపం చిన్నది కాదు.

ఎడమ ప్యానెల్ నాకు నచ్చింది. మా షాపులో పనిచేసే అమ్మాయికి నచ్చలేదు, తన మెషీన్‌లో కిందే ఉంచాను.

ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ల గిట్‌ల్యాబ్‌లో (లోపాలు, సూచనలు రాసే సైటు) ఒక నివేదికలో ఒక విషయమే రాయాలి కాబట్టి మూడుగా విడదీశాను. కీబోర్డు ప్లగిన్‌కి మొదటిది: "వాడేవాళ్లు మీట నొక్కకుండా భాష మారినప్పుడు మాత్రమే కర్సరు దగ్గర గుర్తు, ఆపుకోగలిగిన చిన్న శబ్దం ఇవ్వండి. భారతీయ భాషలకి జెండా బదులు ఆ లిపిలో భాష పేరు చూపండి. ఎన్ని భాషలున్నా ఇదే పద్ధతి." విండో టైటిల్ పట్టీ ఎత్తు ఫాంటుతో పాటు పెరగాలన్నది రెండోది, గుణుపురం అన్నయ్య రాస్తారు. మెనూలో రెండు పేర్ల సంగతి సిరోంచ మాస్టారిది.

మాటలతో పాటు బొమ్మలు కావాలి. తెగిన వత్తులు కనబడేలా "రాష్ట్రం" ఉన్న విండో టైటిల్ ఫోటో, మూడు భాషలకీ ఒకే జెండా ఉన్న ప్యానెల్ ఫోటో. ఒడియా, తెలుగు నేను తీస్తాను. ధర్మాబాద్ అన్నయ్యా, మరాఠీది మీరే పంపాలి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు తెర మీద లేకుండా చూసి తీయండి. రేపు పొద్దున ఆ పెద్దాయన వస్తున్నారు. ఆయన దరఖాస్తు మళ్లీ నింపి, పక్కన కూర్చోబెట్టి ప్రతి పెట్టె చదివి వినిపించి పంపాక, మధ్యాహ్నం మొదటి నివేదిక పెడతాను.

---

ధర్మాబాద్_డీటీపీ, బుధవారం రాత్రి 9:45

ఇప్పుడు కరెంటు లేదు అక్కా. పొద్దున ఎనిమిదింటిలోపు పంపుతాను.